ఘాటీ జగన్నాధం

సాలూరు దాటి ఘాటీ కొండదారి ఎక్కబోయే చోట, రోడ్డు వారగా తిరుమలరావు పంచర్ల కొట్టు ఉంది. ఏడేళ్ల తర్వాత మళ్ళీ స్టీరింగు పట్టిన అతని బావ జగన్నాధం, పద్నాలుగు చక్రాల లారీని ఆ కొట్టు ముందు ఆపి అరగంట దాటింది. గాలి చూడ్డానికి అరగంట ఎందుకో అతనికీ తెలుసు, బావమరిదికీ తెలుసు. పొద్దున పదిన్నర.

"గాలి సరిగ్గానే ఉన్నాది బావా. పద్నాలుగు సక్రాలూ సూసీసినాను. స్టెప్నీ కూడా సూసినాను."

"ఎనకాల లోపలి జత ఇంకోపాలి సూడు."

"రెండుపాల్లు సూసినాను."

"ఘాటీ ఎక్కాల కదరా. సూసుకుంటే మంచిది."

"ఆ మాట ఇది మూడోపాలి. ఏటి పని మీదొచ్చినావో అది సెప్పు బావా."

"పనేటుంది. గాలికే ఆగినాను."

"గాలికి మోహనకృష్ణ గారి యార్డులో మిషినుంది. లారీ ఆయనిది, మిషినూ ఆయనిదే. అది ఒగ్గీసి ఇక్కడికొచ్చినావు. ఏడేళ్ళలో ఈ కొట్టు ముందు నువ్వు సైకిలు కూడా ఆపలేదు."

"బోర్డు బాగుందిరా తిరుమలా. కొత్తగా రాయించినావేటి?"

"మూడేళ్ళయ్యింది రాయించి."

"అలగా."

"కూకో. నిలబడే మాటాడతావేటి. ఆ టైరు మీద కూకో."

"నువ్వు కూకో ముందు. నీ కాలు..."

"నా కాలికేటి. ఇది పెట్టుడుది, దీనికి నెప్పి లేదు. ఉన్న ముక్కకే నెప్పి. కూకో."

"కూకున్నాను."

"లోడేటి?"

"గోనెసంచులు. నెల్లిమర్లలో ఎత్తినాను. రాయపూర్‌లో దింపాల."

"తిరిగొచ్చేటప్పుడు?"

"ఇనప ఊసలు."

"అంత ఇనుమేసుకుని ఘాటీ పైన సుంకి నుండి కిందకి దిగుతావన్నమాట."

"దిగాల మరి."

"ఊఁ."

"ఏటి ఊఁ?"

"ఏటీ లేదు. నెల్లిమర్ల నుండి ఇక్కడి దాకా ఎలగ తోలినావు? ఏడేళ్ళాయె."

"గజపతినగరం దాకా రెండో గేరు దాటలేదు. రామభద్రపురం జంక్షన్లో ఇంజను ఆగిపోయింది. ఎనక బస్సోడు హారను మోగిస్తన్నాడు. కిటికీలోంచి తలెట్టి 'ముసిలోడా, నేర్సుకుని రోడ్డెక్కు' అన్నాడు."

"నువ్వెవరో తెలీదు కాబోలు పాపం."

"దెప్పకురా."

"దెప్పలేదు. స్టీరింగు ఇంక ముట్టనని అమ్మవారి మీద ఒట్టేసినావని ఇన్నాను. మరి ఇదేటి?"

"మిల్లు మూసీసినారు. బొబ్బిలిలో వాచ్‌మేన్ పని అక్కడితో సరి. నాలుగు నెల్లు ఖాళీగా ఉన్నాను. అప్పుడు మోహనకృష్ణ గారు మా ఇంటికొచ్చినాడు. ఆయనే వచ్చినాడు తిరుమలా, కారేసుకుని."

"గొప్పే కదా."

"'ఘాటీ జగన్నాధం లాంటివాడు అరుగు మీద కూర్చుంటే ఎలా' అన్నాడు. 'నా డ్రైవర్లకి లైసెన్సులున్నాయి గానీ గుండె లేదు. ఘాటీలో బ్రేకులు పోతే ఏం చెయ్యాలో నువ్వే నేర్పాలి. ఒక్కొక్కణ్ణీ పక్కన ఎక్కించుకుని తీసుకెళ్ళు' అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"ఏటనగలను? ఒద్దంటే ఎందుకొద్దో సెప్పాల కదా."

"సెప్పాల్సింది."

"నీ తోడబుట్టింది సిన్నతల్లి పక్కనే ఉన్నాది."

"అప్ప ఏటంది?"

"ఏటీ అన్లేదు. ఆయన ఆ రోజు సంగతి ఎత్తగానే కాఫీ అని లోపలికెళ్ళిపోయింది."

"ఇవాళ ఇటొస్తన్నావని అప్పకి తెలుసా?"

"దానికేటి తెలుసు. నేనే వచ్చినాను."

"ఊఁ. ఇప్పుడు నీ పక్కనెవులు?"

"హరిబాబని, గజపతినగరం వాడు. ఇద్దరు పిల్లలు. హెవీ లైసెన్సొచ్చి నాలుగు నెల్లు. యార్డులో కాగితాలు తీసుకుని పన్నెండుకి ఇక్కడికొస్తానన్నాడు. ఇక్కడే ఎక్కుతాడు."

"పదిన్నరయ్యింది."

"అవును."

"అంటే రెండు గంటలు ముందొచ్చినావు. నీకేటి కావాల బావా నా దగ్గిర?"

"నీళ్ళున్నాయా?"

"కుండ నీ పక్కనే ఉన్నాది."

"సల్లగున్నాయి."

"బావా."

"సెప్తానుండరా. సెప్పడానికే కదా వచ్చినాను. ఒరే తిరుమలా. ఆ రోజు... ఆ రోజు నువ్వు స్టీరింగు ఎటు తిప్పినావు?"

"ఏటన్నావు?"

"ఇన్నావు కదా."

"ఇన్నాను. ఇంకోపాలి అను. ఏడేళ్ళకి నీ నోట్లోంచి వచ్చింది. ఇంకోపాలి అను."

"ఆ రోజు నువ్వు స్టీరింగు ఎటు తిప్పినావు."

"నేను తిప్పడమేటి? నేను గెంతీసినాను కదా. అందరికీ సెప్పినావు. ఏటా రోడ్డు భద్రత వారోత్సవాలకి నీ సేతికి మైకిస్తే అందులోనూ సెప్పినావు. 'బ్రేకు అందడం లేదనగానే నా బామ్మర్ది బయపడి గెంతీసినాడు. నేను ఒక్కణ్ణీ స్టీరింగు ఒగ్గకుండా...' తర్వాతేటి బావా? మర్సిపోయినాను."

"ఒగ్గీరా."

"'పైడితల్లమ్మని తలుసుకుని...' అంతే కదా?"

"ఒగ్గీ తిరుమలా. నీకు దండమెడతాను."

"యూనియనాఫీసులో నీ ఫొటో కింద ఏటి రాసినారు? ఈ మజ్జిన అటెళ్ళలేదు నేను."

"నీకు కోపముంటే కొట్టు. కొట్టరా. కానీ ఒక్క మాట. నేను నడిపినానని సెప్పమన్నది నువ్వే. నీ లైసెన్సు గడువు దాటిపోయి రెండు నెల్లయ్యింది. నువ్వు స్టీరింగు పట్టినావని తెలిస్తే ఇన్సూరెన్సు రాదు, నీ ఆస్పత్రి ఖర్సూ రాదు. నెత్తురు కారతా నువ్వే అన్నావు, 'నువ్వే నడిపినావని సెప్పు బావా' అని. అన్నావా లేదా?"

"అన్నాను."

"మరి?"

"నువ్వే నడిపినావని సెప్పమన్నాను. నేను గెంతినానని సెప్పమన్నానా? సెప్పు బావా. ఆ మాట నేనన్నానా?"

"లేదు."

"మరి ఎలగొచ్చింది?"

"నువ్వు నడుపుతుంటే వాడి కాలెలగ నలిగిందని ఎస్సై అడిగినాడు."

"అడిగితే?"

"నోటికొచ్చింది సెప్పీసినాను."

"నోటికొచ్చింది."

"గెంతిన మాటే అప్పుడు నా బుర్రలో తిరగతన్నాదిరా. గెంతినోడు ఎవడో ఒకడుండాల. నేను కాదన్నాక నువ్వే కదా మిగిలినావు. ఒక్కపాలి సెప్తే సరిపోద్దనుకున్నాను. పోలీసోళ్ళకి సెప్పినాను. తర్వాత ఇన్సూరెన్సోళ్ళు. అక్కడితో అయిపోద్దనుకున్నాను. వారం తిరక్కుండా శాలువా పట్టుకొస్తారని నాకేటి తెలుసు? ఒకపాలి కప్పించుకున్నాక అది తీసీడం ఎలగరా?"

"అందుకని ఏడేళ్ళు కప్పుకున్నావు."

"కప్పుకుని నిద్దరోయినాననుకున్నావేటి? డ్రైవరు పని ఎందుకు మానీసినానో అందరూ ఒకలా సెప్తారు. అంత పెమాదం తప్పించుకున్నాక మనసు ఇరిగిపోయిందంటారు. అదేం కాదు. ఏ దాబాలో ఆగినా 'ఘాటీ జగన్నాధం వచ్చినాడు' అని లెగిసి నిలబడేవోళ్ళు. అన్నం సయించేది కాదు. అందుకు మానీసినాను."

"అన్నయ్యా, టీ."

"అమ్మా రేఖా, బాగున్నావా?"

"ఏదో ఉన్నాం అన్నయ్యా. వదిన బాగుందా? ఈ గుమ్మం తొక్కి ఏడేళ్ళయ్యింది. తమ్ముడి మీద కోపముంటే ఉండనీండి, నేనేటి సేసినాను?"

"వస్తాదమ్మా. వస్తాదిలే."

"మిమ్మల్ని సూడ్లేదని మా పిల్ల యమున ఏడుస్తాది ఈ సాయంత్రం. ఇస్కూలుకెళ్ళిపోయింది. మొన్న టీచరు ధైర్యవంతుల గురించి రాయమంటే మీ గురించి రాసిందన్నయ్యా. 'మా మావయ్య' అని రెండు పేజీలు. దానికే ఫస్టిచ్చినారు."

"నా గురించా? వాళ్ళ నాన్న గురించి రాయలేదా?"

"ఆయన గురించేటి రాస్తాది. క్లాసులో 'గెంతుడోడి కూతురు' అంటే ఏడ్సుకుంటా ఇంటికొస్తాది. అందుకే మీ గురించి రాసింది. మా ఇంట్లో ధైర్యస్తులు కూడా ఉన్నారని."

"రేఖా, పొయ్యి మీద పాలు పొంగతన్నాయి."

"దించీసే వచ్చినాను."

"అయితే మళ్ళీ ఎట్టు."

"ఏవో గుసగుసలున్నట్టున్నాయి బావాబామ్మర్దులకి. ఎల్తానులెండి. అన్నయ్యా, అన్నం తినే ఎళ్ళాల."

"టీ తాగు బావా."

"రేఖకి తెలీదా?"

"దానికి తెలిస్తే సాలూరుకి మైకక్కర్లేదు."

"పెళ్ళానికి కూడా సెప్పలేదా?"

"లేదు."

"ఏల ఊరుకున్నావురా? ఇన్సూరెన్సు ఆ ఏడే వచ్చీసింది. కేసు మూసీసినారు. ఆ లారీని తుక్కుకి అమ్మీసినారు. ఇంక నీకు బయమేటి? కూతురు ఏడుస్తా ఇంటికొస్తన్నా ఊరుకున్నావు."

"ఊరుకోమన్నారు."

"ఎవులు?"

"టీ సల్లారిపోద్ది."

"ఎవులురా నిన్ను ఊరుకోమన్నది?"

"నీ ఫోను మోగతన్నాది. సూడు ముందు."

"హరిబాబు. ఆ, సెప్పు హరిబాబూ... కాగితాలైపోయినాయా?... ఇక్కడే ఉన్నాను, ఘాటీ మొదట్లో, పంచర్ల కొట్టు దగ్గిర... ఎవులు?... మీ ఆవిడా? ఇప్పుడెందుకులే... సరే, ఇయ్యి... ఆ, అమ్మా. నమస్కారమమ్మా. నీ పేరు కుసుమకుమారి అంటావా, మంచిదమ్మా... అలగనకు... అంత మాటొద్దమ్మా. అందరికీ దేవుడే దిక్కు... అలగే. అలగేలే... ఉంటాను."

"ఏటంట?"

"ఏటీ లేదు."

"సెప్పు బావా. నీ మొకం పాలిపోయింది."

"వాళ్ళావిడ. పిల్లల్ని సంకనేసుకుని యార్డుకొచ్చిందట, నన్ను సూద్దామని. 'ఇన్నాళ్ళూ ఈయన ఘాటీ ఎక్కుతాడంటే నాకు గుండెలో రాయి పడేది బాబూ. మీ పక్కన కూకుంటాడంటే ఇవాళ దిగులు లేదు' అంటన్నాది."

"ఊఁ."

"నేను పైకి ఎక్కగలను తిరుమలా. గోనెసంచులు తేలిక. దిగేటప్పుడే. ఇనుమేసుకుని దిగేటప్పుడు, వాడు నా పక్కన ఉంటాడు, 'గురువుగారూ, ఆ రోజు ఇక్కడేనా' అని అడుగుతాడు. నాకేటి తెలుసు? ఆ రోజు నువ్వేటి సేసినావో నేను సూడ్లేదు. నేను తుప్పల్లో ఉన్నాను. అందుకు వచ్చినానురా. సిగ్గు సంపుకుని వచ్చినాను. ఎలగ ఆపినావో సెప్పు. నా కోసం ఒద్దు, ఆ హరిబాబు కోసం సెప్పు."

"లెగు."

"ఎక్కడికి?"

"బండెక్కుదాం. నోటితో సెప్తే ఇది తెలీదు."

"నువ్వెక్కగలవా? మెట్టు ఎత్తుగా ఉన్నాది."

"సెయ్యియ్యకు. నేనెక్కుతాను. నువ్వటు తిరిగి డ్రైవరు సీట్లోకెళ్ళు."

"జాగర్త."

"ఎక్కీసినాను. అబ్బో. సీటు మెత్తగున్నాది. ఏసీ ఉన్నాదేటి?"

"ఉన్నాది. నాకు వెయ్యడం తెలీదు."

"మన కాలంలో కిటికీయే ఏసీ. అడ్డుసెక్క ఏది?"

"ఏ సెక్క?"

"సక్రం కింద ఎట్టే సెక్క బావా. ఘాటీకెళ్తూ అది లేకుండా బయల్దేరినావా?"

"ఇప్పుడు బళ్ళకి అవేటీ ఇవ్వట్లేదు. బ్రేకులు మంచివంట."

"మన బండివీ మంచివే, పోయేదాకా. ఎళ్ళేటప్పుడు నా కొట్లోది ఒకటి పట్టుకెళ్ళు. సరే, కళ్ళు మూసుకో."

"మూసుకున్నాను."

"సుంకి దాటినాం. మూడో గేరులో దిగతన్నాం. ఎనకాల ఇనుముంది. ఎడంపక్క కొండ, కుడిపక్క లోయ. పెద్ద మలుపు తిరిగినాం. ముందు బండేదీ లేదు. నువ్వు బ్రేకు తొక్కినావు."

"తొక్కినాను."

"పెడలు కిందకెళ్ళిపోయింది. పట్టట్లేదు. మళ్ళీ తొక్కినావు. పట్టట్లేదు. బండి ఉరకతన్నాది. ఏటి సేస్తావు?"

"తొక్కతన్నాను, తొక్కతన్నాను."

"బావా, సేతులెక్కడున్నాయి?"

"స్టీరింగు మీద."

"కళ్ళు తెరిసి సూడు. కుడి సెయ్యి ఎక్కడున్నాది?"

"డోరు మీద."

"నేను పెట్టమన్నానా?"

"లేదు. అదే ఎళ్ళిపోయింది."

"తీసీ."

"ఆ రోజు కూడా అదే ఎళ్ళిపోయిందిరా. నా బిడ్డల మీదొట్టు. గెంతాలని నేను అనుకోలేదు. తుప్పల్లో పడ్డాక తెలిసింది గెంతినానని. లెగిసి సూస్తే బండి పోతన్నాది. నీ తల కనపడతన్నాది అద్దంలోంచి. 'తిరుమలా' అని అరిసినాను. ఏటి లాభం. అరిసినానని నీకు తెలీను కూడా తెలీదు."

"నాకేటీ ఇనపడలేదు. నేను సెక్క పట్టుకుని ఎడం డోరు తెరిసి మెట్టు మీద నిలబడ్డాను. నువ్వు బండి కాస్త మెల్లగా సేస్తే గెంతి సక్రం కింద ఎట్టాల, క్లీనరుగా నా పనదే కదా. 'బావా, ఆగుతాదా' అని లోపలికి సూసినాను. సీట్లో నువ్వు లేవు. ఆ పక్క డోరు కొట్టుకుంటన్నాది."

"అప్పుడు కోపమొచ్చిందా నా మీద?"

"కోపానికి ఖాళీ ఎక్కడిది. పడిపోయినావనుకున్నాను. ఒట్టు బావా, మలుపులో డోరు తెరుసుకుని పడిపోయినావనే అనుకున్నాను. సెక్క ఇసిరీసి లోపలికి పాకినాను. బోర్లా పడుకుని రెండు సేతుల్తో స్టీరింగు పట్టుకున్నాను. ఒక కాలు ఇంకా బయట మెట్టు మీదే ఉండిపోయింది. దాన్ని లోపలికి లాక్కోవాలంటే స్టీరింగు ఒగ్గాల."

"ఒగ్గలేదు."

"ఒగ్గితే ఇప్పుడు టీ తాగుతామేటి. సరే, ఇను. హరిబాబుకి ఇలగే సెప్పు. మొదటిది, గేరు ముట్టకు. మూడులో ఉంటే మూడులోనే ఉండనీ. మార్సబోయి తప్పితే న్యూట్రల్లో పడతాది, ఇంక దాన్ని ఎవుడూ ఆపలేడు. రెండోది, కొండ వైపుకి తిప్పు. కానీ గుద్దకు. గుద్దితే ఎనకున్న ఇనుము కేబిన్లోకొచ్చీస్తాది. రాయాల. గేదె గోడకి ఈపు రుద్దుకుంటాది సూడు, అలగ. కొండ వారని వాన నీళ్ళ కాలువుంటాది. ఎడం సక్రాలు అందులో దించీ. కాలువ పట్టుకుంటాది, కొండ పట్టుకుంటాది. నువ్వు స్టీరింగు పట్టుకుని ఉంటే సాలు."

"ఎంత దూరం పోయింది ఆ రోజు?"

"రెండొందల గజాలు. నా కాలున్న పక్కే రాసుకుంటా పోయింది."

"కాలు నలుగుతాదని తెలిసే అటు తిప్పినావా?"

"రెండో పక్క లోయ కదా బావా. ఏడవకు. రేఖ సూస్తాది."

"ఒక పని సెయ్యరా. ఈ కుడి డోరు తాడేసి కట్టీ. బయట నుండి గట్టిగా కట్టీ."

"కట్టను."

"మరి ఈ సెయ్యి మళ్ళీ అటెల్తే?"

"సెయ్యి ఎల్తాదని ముందే వాడికి సెప్పు. బండి కదలక ముందు సెప్పు. 'హరిబాబూ, నేను ఒకపాలి గెంతీసినోణ్ణి, నన్ను కనిపెట్టుకుని ఉండు' అని. అప్పుడు నీ సెయ్యి వాడు సూసుకుంటాడు, వాడి సెయ్యి నువ్వు సూసుకుంటావు."

"సెప్తే నా పక్కన ఎక్కుతాడా?"

"ఎక్కకపోతే వాడికి బుర్ర ఉన్నట్టు."

"మోహనకృష్ణ గారికి తెలిసిపోద్ది."

"తెలుస్తాది."

"పని పోద్ది."

"పోవచ్చు. ఉండనూవచ్చు. ఫొటో మాత్రం దింపీస్తారు, అది ఖాయం. మేకుంటాది గోడకి, కేలండరు తగిలించుకుంటారు."

"నవ్వించకురా. నాకు నవ్వే మొకం లేదు."

"నవ్వించలేదు. ఉన్నదే సెప్పినాను."

"సెప్తాను. ఒట్టు, సెప్తాను. పన్నెండుకి వాడు రాగానే సెప్తాను. వాళ్ళావిడికి కూడా ఫోను సేసి సెప్తాను. యమున ఇస్కూలు నుండి వచ్చే దాకా బండి కదపను. దానికీ సెప్తాను. ఆ రెండు పేజీలూ మళ్ళీ రాసుకోమంటాను, పేరు మార్సి. వీళ్ళందరికీ సెప్పగలను తిరుమలా. సిన్నతల్లి ఒక్కదానికే... ఏడేళ్ళు దాని సేతి అన్నం తిన్నాను. దానికి ఏ నోటితో సెప్పను?"

"అప్పకి సెప్పక్కర్లేదు."

"అక్కర్లేదంటావేటి? అందరికంటే ముందు దానికే సెప్పాల. నా మాట నమ్మి తోడబుట్టినోడి గుమ్మం తొక్కడం మానీసింది. ఏటా అమ్మవారి పండక్కి నువ్వు సీర, పసుపు కుంకుమ పట్టుకొస్తావు. వీధి గుమ్మంలోనే అందుకుంటాది. లోపలికి రమ్మనదు. నీ మొకం సూడదు."

"సూడదు. తలొంచుకుని అందుకుంటాది. నా కాలి వైపు కూడా సూడదు."

"ఆ పాపమంతా నాదే కదరా. నిన్ను పిరికోడనుకుంటన్నాది. మొగుణ్ణి సావుకి ఒగ్గీసి గెంతినోడనుకుంటన్నాది."

"అలగని అప్ప ఎప్పుడైనా అన్నాదా?"

"అన్లేదు. నేనే అనుకున్నాను."

"నువ్వు ఆ కథ సెప్తంటే ఎప్పుడైనా పూర్తిగా ఇన్నాదా?"

"ఒక్కపాలి కూడా ఇనలేదు. ఎవులొచ్చి అడిగినా, నేను మొదలెట్టగానే వంటింట్లోకెళ్ళిపోద్ది. మొగుడు సావు దాకా ఎళ్ళొచ్చిన సంగతి, ఇని తట్టుకోలేదు పాపం, బయపడతాది అనుకునేవోణ్ణి."

"ఆ రోజు ఆస్పత్రికొచ్చినప్పుడు ఏటంది నీతోటి?"

"ఏటీ అన్లేదు. నిన్ను లోపలికి తీసుకెళ్ళిపోయినారు. వరండాలో నా పక్కన కూకుంది. నా ఫేంటు నిండా, సొక్కా ఈపు నిండా ఉత్తరేణి గింజలు అంటుకున్నాయి. ఒక్కొక్కటీ ఏరింది. సాయంత్రం దాకా నోరు మెదపకుండా ఏరింది. గుప్పెడయ్యినాయి. నా మీద దానికి ఎంత పేమో అనుకుని లోపల్లోపల సచ్చిపోయినాను."

"ఉత్తరేణి ఎక్కడ మొలుస్తాది బావా?"

"ఎక్కడేటి, రోడ్డు పక్క తుప్పల్లో."

"లారీ కేబిన్లో మొలవదు కదా."

"ఏటంటన్నావురా?"

"ఇందాక నన్ను ఊరుకోమన్నది ఎవులని అడిగినావు."

"నువ్వు సెప్పలేదు."

"సెప్తాను. ముందు నువ్వొకటి సెప్పు. ఇవాళ నా దగ్గిరికెళ్ళమని నిన్ను ఎవులు పంపినారు?"

"సెప్పినాను కదా, నేనే వచ్చినానని."

"బావా."

"... సిన్నతల్లి. క్యారేజీ సేతికిస్తా అంది."

"ఏటంది? అది అన్నది అన్నట్టే సెప్పు."

"'ఘాటీ ఎక్కే ముందు మా తమ్ముణ్ణి అడిగి ఎక్కు' అంది."

"నన్ను ఊరుకోమన్నదీ అప్పే. ఘాటీ సంగతి, గెంతీసినోణ్ణి అడగమని ఎవులైనా పంపుతారేటి బావా?"